ఎదురుగది గురక

ఆ ఇంటికి కొత్త తలుపులు పెట్టిన రోజు నుంచి టైలరమ్మకి కంటి మీద కునుకు లేదు.

అది వృద్ధులు ఉండే ఇల్లు. పెద్దదేం కాదు. మధ్యలో ఒక నడవ, అటూ ఇటూ గదులు, ముందు హాలు, వెనక వంటగది. దాన్ని నడిపే ఆవిడ అక్కడున్న అందరికంటే వయసులో చిన్నది. అయినా ఎనభై దాటినవాళ్లు కూడా ఆవిడని పెద్దక్క అనే పిలుస్తారు. వేళకి మందులు మింగించేదీ, గోళ్లు కత్తిరించేదీ, టీవీ దగ్గర తగువులు తీర్చేదీ ఆవిడే కాబట్టి ఆ పిలుపుకి ఎవరూ అడ్డు చెప్పలేదు.

పాత తలుపులు పల్చటి చెక్కవి. నిప్పంటుకుంటే అగ్గిపుల్లల్లా కాలిపోతాయని తనిఖీకి వచ్చినవాళ్లు చెప్పి వెళ్లారు. పెద్దక్క అందినచోటల్లా అప్పుచేసి కొత్తవి వేయించింది. అవి ఒక్కొక్కటీ బీరువా తలుపంత బరువు. అంచుల చుట్టూ రబ్బరు పట్టీ, పైన ఒక ఇనుప చెయ్యి. ఎవరు తెరిచినా ఆ చెయ్యి వెనకాలే వచ్చి తలుపు మూసేస్తుంది. ఇక మంట రాదు, పొగ రాదు. వాటితో పాటు చప్పుడు కూడా రాదు. టైలరమ్మకి వచ్చిన చిక్కంతా అక్కడే ఉంది.

ఆవిడ గదికి ఎదురుగది కండక్టరుది. బతుకంతా బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టిన మనిషి. భారీ శరీరం, మెత్తని మాట. పగలంతా ఉన్నాడా లేడా అన్నట్టుంటాడు. పడుకున్నాడంటే మాత్రం ఇల్లంతటికీ తెలుస్తుంది. ముందు చలికి మొరాయించే ఇంజనులా రెండు మూడు దగ్గులు. తర్వాత గేరు పడినట్టు ఒక కుదుపు. ఆ పైన బరువుతో ఎత్తు ఎక్కుతున్న బస్సులా ఒకటే గురక. మధ్యలో ఎక్కడో స్టాపు వచ్చినట్టు ఆగుతుంది. ఎవరో ఎక్కినట్టు, మళ్లీ బయలుదేరుతుంది.

టైలరమ్మ భర్త గురక కూడా అచ్చం అలాగే ఉండేది. పెళ్లయిన కొత్తలో ఆ చప్పుడుకి హడలిపోయి ఏడ్చింది. తర్వాత విసుక్కుంది. ఆ తర్వాత అది లేకుండా నిద్రపోవడం మరిచిపోయింది. ఆయన పోయాక ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. పక్క మీద దొర్లి దొర్లి, తెల్లారేసరికి పక్కబట్ట తాడైపోయేది. కూతురు మంచం మార్చింది, డాక్టరు మాత్రలు మార్చాడు. చివరికి ఆవిడే ఇల్లు మారి ఇక్కడికొచ్చింది. వచ్చిన మొదటి రాత్రే ఎదురుగదిలోంచి బస్సు బయలుదేరింది. టైలరమ్మ చంటిపిల్లలా నిద్రపోయింది.

ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతుంది? ఎదురుగది మగాయన గురక వింటే గాని నాకు నిద్ర పట్టదని ఏ ఆడమనిషి నోరు తెరిచి అంటుంది? పైగా పక్కగదిలో ఉన్నది రేడియో పిన్ని. ఆవిడకి ఆ పేరు ఊరికే రాలేదు. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని హాల్లో కూర్చుందంటే రాత్రి ఎవరు ఎన్నిసార్లు లేచారో, ఎవరి కోడలు ఫోన్లో ఎవరిమీద విసుక్కుందో వార్తలన్నీ అయ్యాకే ఆ గ్లాసు కింద పెడుతుంది.

అందుకని టైలరమ్మ గుట్టుగా తన ఏర్పాటు తను చేసుకుంది. తన కుట్టు షాపు మూసేసినప్పుడు తెచ్చుకున్న పాత బొగ్గుల ఇస్త్రీపెట్టె ఒకటుంది. ఎత్తాలంటే నడుం పట్టేసేంత బరువు. రాత్రి దాన్ని కాలితో తోసి తలుపుకి అడ్డం పెట్టేది. కండక్టరు తలుపు మూసి ఉన్నా, ఆవిడ తలుపు తెరిచి ఉంటే ఆ గురక పక్క వీధిలో పోయే బస్సంత వినిపించేది. అది చాలు.

అంతలో ఇంటి భద్రత తనిఖీకి ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

కుర్రాడు. ఉద్యోగంలో కొత్త. చేతిలో టార్చి, జేబులో టేపు. మామూలుగా ఇలాంటి తనిఖీకి వచ్చేవాళ్లు హాల్లో కూర్చుని టీ తాగి వెళ్లిపోతారు. ఇతను మాత్రం గ్యాసు పైపు వాసన చూశాడు. బాత్‌రూము నేల జారుతుందేమోనని చెప్పులు విప్పి నడిచి చూశాడు. నిప్పు ఆర్పే సిలిండరు ఎంత బరువుందో ఎత్తి చూసి, "పిన్నిగారూ, మీరు ఎత్తగలరా?" అని రేడియో పిన్నిని అడిగాడు.

"నేనెందుకు ఎత్తడం నాయనా? నేను అరుస్తాను. అది చాలదూ," అంది రేడియో పిన్ని.

నడవలోకి వచ్చేసరికి టైలరమ్మ గది తలుపు బార్లా తెరిచి ఉంది. ఆ పొద్దున ఇస్త్రీపెట్టె తీయడం ఆవిడ మరిచిపోయింది. ఇన్‌స్పెక్టరు వంగి దాన్ని చూశాడు. మొహం వాడిపోయింది. ఎక్కడో నిజంగానే మంట చూసినట్టు ఉన్నాడు.

"ఏంటమ్మా ఇది?"

"ఇస్త్రీపెట్టె బాబూ."

"అది తెలుస్తోందమ్మా. ఇక్కడెందుకుంది?"

పెద్దక్క తల కొట్టేసినట్టు నిలబడింది. ఇలాంటి లోపం సరిదిద్దకపోతే కొత్తవాళ్లని చేర్చుకోనివ్వరు. చేర్చుకోకపోతే ఇల్లు నడవదు. ఆ సంగతి టైలరమ్మకీ తెలుసు. నీళ్లు నమిలి, "గాలి ఆడదు బాబూ," అంది.

వేరేవాడైతే తిట్టిపోసేవాడు. ఇతను మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మాకు ట్రైనింగులో చెప్పారమ్మా. ప్రతి అలవాటు వెనకా ఒక అవసరం ఉంటుందని. అవసరం తీర్చకుండా అలవాటు మానమంటే ఎవరూ మానరు. గాలే కదా. నేను చూసుకుంటాను."

అన్నట్టే చూసుకున్నాడు. తుప్పు పట్టి బిగుసుకుపోయిన కిటికీ రెక్కకి తనే నూనె పోసి తెరిచాడు. ఆ రాత్రి టైలరమ్మ గదిలో గాలే గాలి. దుప్పటి ఎగిరిపోతోంది, క్యాలెండరు గోడకేసి కొట్టుకుంటోంది. వినిపించాల్సింది మాత్రం వినిపించడం లేదు. వణుకుతూ లేచి, కుట్టుమిషను మూత తెచ్చి తలుపుకి అడ్డం పెట్టింది.

లోపం సరిచేశారో లేదో చూడటానికి ఇన్‌స్పెక్టరు వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు. మిషను మూత కనిపించింది.

"ఇంకా గాలి ఆడటం లేదా అమ్మా?"

"గాలి బాగానే ఉంది బాబూ. చీకటంటే భయం," అంది టైలరమ్మ. ఆవిడ జీవితంలో చీకటికి ఎప్పుడూ భయపడలేదు. కరెంటు పోతే తడుముకుంటూ కాజాలు కుట్టిన మనిషి.

మనిషి కదిలితే దానంతటదే వెలిగే దీపం తెచ్చి మంచం దగ్గర పెట్టించాడు. ఇక నిద్ర రాక ఆవిడ ఇటు దొర్లితే దీపం వెలుగుతుంది, అటు దొర్లితే వెలుగుతుంది. రాత్రంతా ఎవరో ఫొటోలు తీస్తున్నట్టే ఉంది. మూడోసారి వచ్చినప్పుడు తలుపు కింద చెప్పు ఉంది. "పిలిస్తే ఎవరికీ వినపడదేమోనని," అని గొణిగింది. దిండు పక్కన పిలుపు గంట వచ్చింది. దొర్లుతుంటే మోచెయ్యి తగిలి అది మోగడం, పెద్దక్క జుట్టు ముడేసుకుంటూ పరుగెత్తుకు రావడం, "ఏం లేదమ్మా, పొరపాటున తగిలింది," అనడం. వరసగా కొన్ని రాత్రులు ఇదే తంతు.

చివరికి పెద్దక్క తలుపు దగ్గర నిలబడి, "అమ్మా, నీకు దణ్ణం పెడతాను. ఏదన్నా ఉంటే నాతో చెప్పు. లేదంటే తలుపు మూసుకో," అంది. ఆవిడ కళ్ల కింద నల్లటి చారలు చూసి టైలరమ్మకి గుండెల్లో కలుక్కుమంది. ఆ రాత్రి నుంచి తలుపుకి ఏదీ అడ్డం పెట్టలేదు.

దాంతో అసలు కథ మొదలైంది. నిద్ర లేని టైలరమ్మ చేతిలో ఆ ఇంటి బట్టలన్నీ ఆగమైపోయాయి. ఎవరి చొక్కా చిరిగినా, ఎవరి గుండీ ఊడినా ఆవిడే కదా కుట్టేది. వంటమనిషి ఏప్రను జేబు నోరు కుట్టేసింది. కండక్టరు పైజమా పొట్టి చేయమంటే ఒక కాలే పొట్టి చేసింది. ఆయన ఏమీ అనకుండా అదే తొడుక్కుని తిరిగాడు. దిండు గలీబుకి చొక్కా చెయ్యి అతికిస్తే రేడియో పిన్ని దాన్ని హాల్లో అందరికీ ఎత్తి చూపించి, "మా వదిన దిండుకి చొక్కా తొడిగింది. ఇక లాగూ కూడా కుడితే దాన్ని పనికి పంపొచ్చు," అంది. అందరూ నవ్వారు. టైలరమ్మ కూడా నవ్వబోయింది గానీ సగంలో ఆవులింత వచ్చింది.

అలాంటి రోజుల్లోనే ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ఇన్‌స్పెక్టరు అందరినీ హాల్లో కూర్చోబెట్టాడు. నిప్పంటుకుంటే ఏం చేయాలో చెప్పే సమావేశం. గంట మోగితే ఎటు వెళ్లాలి, పొగ వస్తే ఎలా వంగి నడవాలి, ఇలా అన్నీ చెబుతున్నాడు. వంగి చూపించాడు కూడా.

"నేను వంగితే మళ్లీ లేవను నాయనా. ముందే చెబుతున్నా," అంది రేడియో పిన్ని.

ముందు వరసలో కండక్టరు పొట్ట మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. వెనక గోడ దగ్గర టైలరమ్మ గుండీ కుడుతోంది. సిలిండరు పిన్ను ఎలా లాగాలో చెబుతుండగా ముందు వరసలో ఇంజను దగ్గింది. గేరు పడింది. బస్సు కదిలింది.

టైలరమ్మ చేతిలో సూది అలాగే ఆగిపోయింది. తల గోడకి ఆనింది. నోరు కొంచెం తెరుచుకుంది.

సమావేశం మధ్యలో ఆ గురక ఏం మర్యాదని పెద్దక్క వెళ్లి కండక్టరు భుజం తట్టింది. గురక టక్కున ఆగింది. మరుక్షణం వెనక నుంచి చిరాకు గొంతు వినిపించింది. "ఎందుకు లేపావే ఆయన్ని? ఇప్పుడే కదా కన్నంటుకుంది."

అందరి తలలూ వెనక్కి, మళ్లీ ముందుకి తిరిగాయి. అన్నది తానేనని టైలరమ్మకి అప్పుడు తెలిసింది. ఎక్కడన్నా నేల విచ్చుకుంటే అందులోకి దూరిపోదామన్నట్టు సూది వైపు చూస్తూ కూర్చుంది. రేడియో పిన్ని ఆవిడ వైపు ఒకసారి, కండక్టరు వైపు ఒకసారి చూసి ముక్కున వేలేసుకుంది. నిద్రమత్తులో ఉన్న కండక్టరుకి మాత్రం ఏమీ అర్థం కాలేదు. అందరూ తననే చూస్తున్నారని ఒక్కటే అర్థమైంది.

ఇన్‌స్పెక్టరు చెప్పడం ఆపలేదు. కానీ గొంతు తగ్గించాడు, మాట నెమ్మది చేశాడు, సిలిండరు గురించి చెప్పిందే మళ్లీ చెప్పాడు. అతను తనిఖీ చేసే మనిషి. ఏదైనా ఒక్కసారి చూసి నమ్మడు. కాసేపటికి కండక్టరు తల వాలింది. బస్సు బయలుదేరింది. టైలరమ్మ తల మళ్లీ గోడకి చేరింది.

సమావేశం అయ్యాక ఇన్‌స్పెక్టరు ఆవిడ గదికి వచ్చాడు. తలుపు దానంతటదే మూసుకుంది. అవతల రేడియో పిన్ని చెవి తలుపుకి ఆనించి నిలబడిందని వంటమనిషి తర్వాత చెప్పింది. రబ్బరు పట్టీ పుణ్యాన ఆవిడకి ఒక్క ముక్క కూడా వినపడలేదు.

"గాలీ కాదు, చీకటీ కాదు. అంతేనా అమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

టైలరమ్మ కొంగు చివర పిండుతూ కూర్చుంది. "తప్పుగా అనుకోకు బాబూ. నాకు కావాల్సింది మనిషి కాదు, చప్పుడు. మా ఆయన గురక ఆగితే లేచి చూసేదాన్ని, ఊపిరి ఉందో లేదోనని. మళ్లీ మొదలైతే నేను పడుకునేదాన్ని. అది వినపడుతుంటే పక్కన అంతా బాగుందని. ఇప్పుడా తలుపు మూస్తే ప్రపంచంలో ఎవరూ లేనట్టుంటుంది."

ఇన్‌స్పెక్టరు లేచి తలుపుని వేలితో తట్టి చూశాడు. తర్వాత తన పద్ధతి ప్రకారం అడిగాడు. "ఫోన్లో రికార్డు చేసి పెడితే?"

"ఫోను ఊపిరి పీలుస్తుందా బాబూ?"

"పీల్చదు." ఒప్పుకున్నాడు. "ఒక దారుందమ్మా. గోడకి అయస్కాంతం పెడతారు. అది తలుపుని తెరిచి పట్టుకుంటుంది. ప్రమాదం గంట మోగిందా, వదిలేస్తుంది. తలుపు మూసుకుంటుంది. వేరే ఏ దారీ లేనప్పుడే దానికి అనుమతి. మీరు చెప్పినవాటన్నిటికీ వేరే దారులున్నాయి. దీనికి లేదు. ఈ మాట మొదటిరోజే చెప్పి ఉంటే..."

"మొదటిరోజే చెప్పే మాటేనా ఇది?"

ఇన్‌స్పెక్టరు తల గోక్కుంటూ వెళ్లిపోయాడు.

టైలరమ్మకి గుండెల మీంచి బరువు దిగింది. కానీ అయస్కాంతం వచ్చేలోగానే పిడుగులాంటి వార్త వచ్చింది. తెచ్చింది రేడియో పిన్నే. "వదినా, విన్నావా? కండక్టరు వెళ్లిపోతాడట. అందరికీ తన గురకతో ఇబ్బందిట. సమావేశంలో నువ్వు లేచి విసుక్కున్నావని ఎవరో చెప్పారట. పాపం, ఆయన దవడకి గుడ్డ కట్టుకుని పడుకుంటున్నాడట."

"ఎవరో చెప్పారా?" అంది టైలరమ్మ.

"ఎవరో," అంది రేడియో పిన్ని చూపు తిప్పుకుని. "నేను సగమే చెప్పాను. మిగతా సగం ఆయనే అల్లుకున్నాడు."

ఇక మొహమాటపడితే నిద్ర జన్మలో రాదు. టైలరమ్మ చీర సర్దుకుని ఎదురుగదికి వెళ్లింది. కండక్టరు మంచం మీద సంచీ పెట్టుకుని బట్టలు సర్దుతున్నాడు. ఒక కాలు పొట్టి పైజమా పైనే ఉంది. ఆవిడని చూడగానే లేచి నిలబడ్డాడు.

"మీరు ఎందుకొచ్చారో తెలుసమ్మా. నన్ను క్షమించాలి. ఇంట్లో ఉన్నప్పుడు మా ఆవిడ వరండాలో పడుకోబెట్టేది. డిపోలో పడుకుంటే డ్రైవర్లు బూట్లు విసిరేవాళ్లు. కొడుకు ఇంట్లో మనవడు చెవుల్లో దూది పెట్టుకునేవాడు. ఇక్కడా అంతే. పుట్టుకతో వచ్చిన జబ్బు. రెండు రోజుల్లో ఖాళీ చేస్తాను. అప్పటిదాకా కూర్చునే నిద్రపోతాను."

"ఆ పని మాత్రం చెయ్యకండి," అంది టైలరమ్మ.

"పర్లేదమ్మా, బస్సులో నిలబడి కూడా నిద్రపోయినవాణ్ణి."

"కండక్టరుగారూ, నేను చెప్పేది వినండి. మీ గురక లేకపోతే నాకు నిద్ర రాదు."

కండక్టరు చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. వెక్కిరిస్తోందేమోనని ఆవిడ మొహం చూశాడు. వెక్కిరింత లేదు. కళ్లు గుంటలు పడి ఉన్నాయి. ఆవిడ తన భర్త సంగతి చెప్పింది. ఇస్త్రీపెట్టె సంగతి, కిటికీ, దీపం, గంట, ఇక రాబోయే అయస్కాంతం అన్నీ చెప్పింది. ఆయన మంచం మీద నెమ్మదిగా కూర్చున్నాడు.

"నా గురకా?" అన్నాడు.

"మీదే."

"మరీ పెద్దగా ఉండదూ?"

"ఇప్పుడున్నట్టుంటే చాలు. తగ్గించకండి."

కండక్టరు సంచీలో సర్దిన బట్టలు బయటికి తీశాడు. తర్వాత చొక్కా తీసి మేకుకి తగిలించాడు. "అయితే ఆ అయస్కాంతం నా తలుపుకి కూడా పెట్టమనండి," అన్నాడు. ఆ సాయంత్రం టీ దగ్గర ఆయన గొంతు మొదటిసారి గట్టిగా వినిపించింది. చక్కెర తక్కువైందని వంటమనిషితో వాదించాడు కూడా.

అయస్కాంతాలు బిగించిన మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు పరీక్షకి వచ్చాడు. అతని పరీక్షలో రెండు భాగాలు. గురక వినిపిస్తోందా, గంట మోగితే తలుపులు మూసుకుంటాయా. టైలరమ్మ తన మంచం మీద, కండక్టరు తన మంచం మీద పడుకున్నారు. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. నడవలో ఇన్‌స్పెక్టరు గంట బటను దగ్గర వేలు పెట్టుకుని నిలబడ్డాడు. వెనక పెద్దక్క, రేడియో పిన్ని, చేతిలో గరిటెతో వంటమనిషి. అందరూ ఊపిరి బిగబట్టారు.

ఏమీ వినపడలేదు.

ఇంకాసేపు చూశారు. ఎక్కడో మంచం కిర్రుమంది.

"నిద్రపోయారా కండక్టరుగారూ?" అంది టైలరమ్మ పడుకునే.

"లేదమ్మా. ఇంతమంది ఎదురుచూస్తుంటే రావట్లేదు. పరీక్ష హాల్లో కూర్చున్నట్టుంది."

రేడియో పిన్ని ఏదో అనబోయింది. పెద్దక్క ఆవిడ చెయ్యి గట్టిగా నొక్కింది.

టైలరమ్మ పైకప్పు వైపు చూస్తూ ఆలోచించింది. "మీ బస్సు ఏ దారిన వెళ్లేది?" అని అడిగింది.

"నాదా? చాలా పెద్ద దారమ్మా."

"చెప్పండి. నాకేం పని ఉంది గనక."

కండక్టరు గొంతు సవరించుకున్నాడు. "పాత బస్టాండులో బయలుదేరేవాళ్లం. అక్కడ్నుంచి కూరల మార్కెట్టు. అక్కడ ఎక్కేవాళ్లు ఎక్కువ, గంపలు ఇంకా ఎక్కువ. తర్వాత పోస్టాఫీసు. పెద్దాసుపత్రి దగ్గర ముసలాళ్లు దిగేదాకా ఆగేవాళ్లం. డ్రైవరు తొందరపడితే నేను విజిలు వేసేవాణ్ణి కాదు..." మాట నెమ్మదించింది. "తర్వాత నూలు మిల్లు... ఆ తర్వాత వంతెన... వంతెన దాటాక... ఎత్తు..."

రెండు మూడు దగ్గులు వినిపించాయి. గేరు పడింది. బస్సు ఎత్తు ఎక్కడం మొదలుపెట్టింది.

ఇన్‌స్పెక్టరు మునివేళ్ల మీద వెళ్లి టైలరమ్మ గదిలోకి తొంగి చూశాడు. ఆవిడ గోడవైపు తిరిగి, చెయ్యి చెంప కింద పెట్టుకుని, హాయిగా నిద్రపోతోంది. మొదటి భాగం పాసైంది. రెండో భాగానికి వెనక్కి వచ్చి బటను మీద వేలు పెట్టాడు.

పెద్దక్క అతని వైపు ఒక చూపు చూసింది. వంటమనిషి గరిటె పైకెత్తింది.

ఇన్‌స్పెక్టరు వేలు తీసేశాడు. "లేచాక చూద్దాంలెండి," అన్నాడు గుసగుసగా. నడవలో ఉన్న స్టూలు మీద కూర్చుని టార్చి ఒళ్లో పెట్టుకున్నాడు. ఎదురుగదిలో ఎక్కడో స్టాపు వచ్చి బస్సు ఆగింది. అతను తలెత్తి కంగారుగా చూశాడు. బస్సు మళ్లీ కదిలింది. అతను గోడకి జారగిలబడ్డాడు. ఆ వెంటనే అతనికి ఒక పెద్ద ఆవులింత వచ్చింది.